తలాపు చెట్లు

రాతి పలక పెట్టించుకునే తాహతు ఆ పేటలో ఎవరికీ లేదు. అందుకని మనిషిని మట్టిచేసిన రోజే తలాపున ఓ మొక్క నాటడం వాళ్ళకు అలవాటు. ఒకరు వేప పెడితే పక్కవాళ్ళు చింతో వెలగో పెట్టాలి. ఏ సమాధి ఎవరిదో చెట్టే చెప్పాలి. ఏళ్ళ తరబడి చెప్పింది కూడా. తర్వాత చుట్టూ రొయ్యల చెరువులొచ్చాయి. ఉప్పు ఊటకు చెట్లన్నీ రెండేళ్ళలో నిలువునా ఎండాయి. డ్రెయిను వెడల్పు చేసే కంట్రాక్టరు వాటిని కోయించి ఇటుకబట్టీకి తోలేశాడు. సమాధుల దొడ్డిలో ఇప్పుడున్నవి బెరడు ఊడిన మోళ్ళే.

రేపు పొద్దున్నే అక్కడికి డ్రెయిను తవ్వే మిషను వస్తుంది. ఈలోగా తమవాళ్ళను గుర్తుపట్టినవాళ్ళు ఎముకలు తీసుకుని చర్చి వెనక కొత్త దొడ్డిలో పెట్టుకోవచ్చు. మిగతావన్నీ డ్రెయిను పాలే.

జ్ఞానమ్మకు ఈ లోకంలో కావలసింది ఒక్కటే. ముప్ఫయ్యేళ్ళ కిందట జ్వరంతో పోయిన ఏడేళ్ళ కూతురు ఆశాజ్యోతి. మొగుడు పోయాడు, మరో బిడ్డ లేదు. తను పోయాక ఆ పిల్ల పక్కన పడుకోవాలని ఆశ.

చర్చి కమిటీ టౌను కాలేజీ నుంచి బోటనీ లెక్చరర్ విజయ్ పాల్‌ని పిలిపించింది. ఆయన ఓ మోడు చుట్టూ మూడుసార్లు తిరిగాడు.

“ఆకో పువ్వో ఉంటే చెప్పేవాణ్ణండి. ఉత్త మోడంటే ముక్క ల్యాబుకి పంపాలి. రెండు వారాలు పడుతుంది.”

“ఆకుంటే మా మేక కూడా చెబుద్దండి మాష్టారూ,” అంది జ్ఞానమ్మ.

ఏడవడానికి వచ్చినవాళ్ళు కూడా నవ్వారు. నలభయ్యేళ్ళు కట్టెలు కొట్టి హోటళ్ళకు అమ్మిన మనిషి ఆవిడ. కత్తితో మోడుని చెక్కేది, వాసన చూసేది, చెప్పేది. లోపల నల్లగా ఉంటే చింత. కత్తిని తిప్పికొడితే వెలగ. వెలగ మోడు కింద, గుంటలు తవ్వే కుర్రాడు ఎజ్రా గడ్డపారకు స్టీలు కడ్డీ తగిలింది. వెలగ కిందున్న జ్ఞానప్రకాశం తాతకు తొడ విరిగినప్పుడు ఆస్పత్రిలో వేసినదే. అక్కడి నుంచి ఆవిడ మాటకు తిరుగులేదు. మధ్యాహ్నానికి పదకొండు సమాధులు తేలాయి. లెక్చరరు పేర్లు రాసుకుంటున్నాడు.

చివరికి డ్రెయిను గట్టు మిగిలింది. అక్కడ గజం ఎడంలో రెండు చెట్లుండేవి. దిరిసెన జ్ఞానమ్మది. నేరేడు, వరసకు ఆడపడుచయ్యే పాపాయిది. అదే వానల్లో అదే జ్వరంతో పోయిన పాపాయి ఆరేళ్ళ కొడుకు జాషువా దాని కింద ఉన్నాడు. మొన్న మిషను గట్టు కోసినప్పుడు ఒక మోడు వేళ్ళతో, కింది మట్టితో సహా కాలవలోకి జారిపోయింది. ఒక్క మోడే మిగిలింది. గుర్తుకి గట్టు కూడా లేదు.

పాపాయి కొత్త తువ్వాలు మడిచి చంకలో పెట్టుకుని నిలబడింది.

“చూడు వదినా. ఎవరిదైతే వాళ్ళది. దేవుడి చిత్తం.”

జ్ఞానమ్మ గొంతుక్కూర్చుని మోడుని చెక్కింది. దిరిసెనకుండే గోధుమ రంగు చేవ కోసం చూసింది. ఎర్రబూడిద రంగు కనిపించింది. తడికి రంగు మారిందేమోనని ఇంకో అంగుళం లోతుకు చెక్కింది. అదే రంగు. చిన్న పేడు తీసి నోట్లో వేసుకుంది. నాలుక పీక్కుపోయింది. వగరు. నేరేడు.

తల ఎత్తలేదు. పాపాయికి ఇంకా ఇద్దరున్నారు, మనవలున్నారు. తనకు?

“దిరిసెన,” అంది.

పాపాయి చిన్నగా “ఓ” అంది, అంతే.

“అదేంటి మామ్మా, దిరిసెన పొట్టుకి తుమ్ములొస్తాయి కదా. నీకు రాలేదే?” అన్నాడు ఎజ్రా.

“తడిచెక్కరా. ఎండుదైతే తుమ్మిస్తుంది. కట్టెల సంగతి నాకు చెబుతావేంట్రా నువ్వు?”

లెక్చరరు కూడా తలూపాడు. “మామ్మగారికి తెలియనిదా అండి!”

ఎజ్రా తవ్వాడు. నల్లటి బురదలోంచి సన్నటి ఎముకలు ఒక్కొక్కటే వచ్చాయి. జ్ఞానమ్మ చేతులు ముందుకు రాలేదు. అందరూ దుఃఖం అనుకున్నారు. పాపాయే గుంటలోకి దిగింది. బిందెలో నీళ్ళతో ఒక్కో ఎముకా కడిగింది. పుర్రె మీది మట్టి కొంగుతో తుడిచింది.

“ఎంత చిన్న తలకాయో చూడు వదినా. నీకైనా దొరికింది. నావాడు నీళ్ళలో పోయాడు.”

చంకలోని కొత్త తువ్వాలు తీసి పరిచింది.

“అది నీవాడికి తెచ్చుకున్నావు కదే,” అంది జ్ఞానమ్మ.

“ఇంక వాడికెందుకు? ఇద్దరూ కలిసి ఆడుకున్నవాళ్ళేగా.”

మూట కట్టింది. “నీకు నడుం నొప్పి, నేను తెస్తాలే” అంటూ మూటని చంకనెత్తుకుంది. అది జారకుండా అరచెయ్యి అడ్డుపెట్టి ముందు నడిచింది. జ్ఞానమ్మ ఆ వీపునే చూస్తూ వెనక నడిచింది. దారిలో రెండుసార్లు “పాపాయీ” అని పిలిచింది. ఆమె వెనక్కి తిరిగితే, ఏమీ లేదంది.

కొత్త దొడ్డిలో గుంట తీసి ఉంది. లెక్చరరు కాగితం తిప్పాడు.

“పేరు చెప్పండి మామ్మగారూ. రాసుకుంటాను.”

జ్ఞానమ్మ చెయ్యి చాచి తువ్వాలు ముడి తడిమింది. ఆయన ఓపిగ్గా ఆగాడు. పాపాయి గుంట పక్కన మోకరించి మూటని మెల్లగా లోపలికి దించింది.

“ఆవిడ వల్ల కాదులెండి, కన్నతల్లి,” అంది. “ఆశాజ్యోతి అని రాయండి.”