చెనిక్కాయ అంచు

మొగుణ్ణి పెళ్లిళ్లకు తీసుకుపోకూడదని శైలజ ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు. అక్కడ జయచంద్ర ఆడవాళ్లను చూస్తాడు. చూస్తే చూశాడు, మగవాడన్నాక చూడకుండా ఉంటాడా అని సర్దుకుపోవచ్చు. కానీ ఈయన చూపు పాదాల దగ్గర మొదలై, జానెడు పైకి లేచి, అక్కడే ఆగిపోతుంది. చీర అంచు దాటి కన్ను లేవదు. ఇంటికొచ్చాక "ఆ కనకాంబరం రంగు చీర, గోపురాల అంచు, ఆమె ఎవరు?" అని అడుగుతాడు. ఆమె శైలజ సొంత చిన్నమ్మ. ఒక పెళ్లిలో ఒక పెద్దాయన జాలిపడి, "ఏమప్పా, కింద ఏమన్నా పడేసుకున్యావా?" అని తను కూడా వంగి వెతికాడు. ఇలాంటి చూపు గురించి ఏ ఆడమనిషైనా ఫిర్యాదుకొస్తే ఏం జవాబు చెప్పాలో శైలజ సిద్ధం చేసి పెట్టుకుంది. ఇన్నేళ్లలో ఒక్కరూ రాలేదు. అది మరో అవమానం.

జయచంద్రది ధర్మవరంలో పట్టుచీరలకు బొమ్మలు గీసే పని. గళ్ల కాగితం మీద అతను గీసి రంగులు నింపితే, దాన్ని బట్టి అట్టలకు రంధ్రాలు కొడతారు. ఆ అట్టలు మగ్గం మీద తిరిగేకొద్దీ బొమ్మ చీరలోకి దిగుతుంది. గీసినందుకు కూలి ఒక్కసారే. తర్వాత ఆ బొమ్మ ఒక చీరకెక్కినా ఊరి చీరలన్నిటికీ ఎక్కినా గీసినవాడికి సంబంధం ఉండదు.

ఒక్క మర్యాద మాత్రం మిగిలింది. అతనికి ఎక్కువ పనిచ్చే సుంకప్ప, పది పదిహేను మగ్గాలు నడిపేవాడు, కొత్త బొమ్మతో దిగిన మొదటి చీరను ముందుగా శైలజ దగ్గరికి పంపేవాడు. ఆమె దాన్ని భుజాన వేసుకుని, అద్దంలో ఒకసారి చూసుకుని, మడత చెడకుండా ఒక తమలపాకు పెట్టి తిరిగి పంపాలి. గీసినవాడి ఇల్లాలి భుజం తాకిన చీర అంగట్లో నిలవదని సుంకప్ప నమ్మకం. ఆ లెక్కన ధర్మవరంలో మంచి చీరలు చాలా శైలజ భుజం మీదికి వచ్చిపోయాయి. బీరువాలోకి ఒక్కటీ రాలేదు. "నా భుజం బస్టాండు. ఎక్కేది దిగేదే గానీ ఉండిపోయేది ల్యా" అనేదామె.

అలా వచ్చిపోయిన వాటిలో ఆమె తిరిగివ్వడానికి ఒక పూట ఆలస్యం చేసినది చెనిక్కాయ అంచు చీర.

రొళ్ల దగ్గర శైలజ పుట్టింటి వేరుశనగ చేను ఉంది. ఒక ఏడాది చెనిక్కాయ పెరికినప్పుడు జయచంద్ర వెంట వెళ్లాడు. పెరికిన చెట్లను ఆకు కిందికి, కాయ పైకి వచ్చేలా తిరగేసి ఎండబెట్టారు. అందరూ అన్నాలకు వెళితే ఈయన గట్టు మీదే ఉండిపోయాడు. ఆ అంచు అక్కడ పుట్టింది. తలకిందులుగా నిలబడిన చెట్టు, గాలిలోకి లేచిన వేళ్లు, చెట్టుకు నాలుగు కాయలు. మూడు నిండుగా ఉంటాయి. నాలుగోది నడుము నొక్కుకుపోయి, లోపల గింజ లేని తాలుకాయ.

"పట్టుచీర మీద తాలుకాయ ఏంటికండీ? చూసినోళ్లు దరిద్రం అనుకోరా?" అంది శైలజ.

"మీ నాయన చేన్లో ఉన్యాదే గీసినా. నేను కల్పించింది ఏమీ ల్యా" అన్నాడతను.

ఆ తాలుకాయతోనే చీర జోరుగా అమ్మింది. సుంకప్ప మగ్గాలు నిండి, పక్క వీధి మగ్గాలకూ పాకింది. పక్క వీధివాళ్లు అడక్కుండానే నేశారు. ఎవరూ ఏమీ అనుకోలేదు. రంగు మార్చి నేస్తే అది వేరే చీర అని ఊరంతటికీ ఒప్పందం.

ఆ తర్వాత హిందూపురంలో ఒక పెళ్లి. మగపెళ్లివారి ఆడవాళ్లంతా ఒకే రకం చీరల్లో వరసగా దిగారు. జయచంద్ర చూపు అలవాటుగా కిందికి పోయింది. వరస మొత్తం చెనిక్కాయ అంచు. పట్టు కాదు, మరమగ్గం మీద నేసిన పాలిస్టరు కలగలుపు, దగ్గరికి వెళ్తే ప్లాస్టిక్ సంచీలా మెరుస్తోంది. అతను చాలాసేపు చూశాడు. పెళ్లికొడుకు మేనత్త చీర సర్దుకుని దూరం జరిగింది కూడా.

"తాలుకాయ తీసేసినారు" అన్నాడు చివరికి. కోపం లేదు గొంతులో. బడి నుంచి వచ్చిన పిల్లవాడి చొక్కాకు గుండీ లేదని చెప్పినట్టు చెప్పాడు.

కోపమంతా శైలజకే వచ్చింది. ఆమె బీకాం. మర్కంటైల్ లా పేపర్లో క్లాసుకు ఫస్టు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ మరిచిపోకుండా చూసుకోవడం ఆమె బాధ్యత.

"కాపీరైటు అని ఒకటుండాది తెల్సా మీకు? బొమ్మ గీసినోడిదే బొమ్మ. చట్టం."

"వద్దులే శైలా. అందరం ఒకరిది ఒకరు చూసి గీసేటోళ్లమే గదా."

"చెనిక్కాయ చెట్టును చీర మీద యాడన్నా చూసినారా మీరు?"

"చేన్లో చూసినా."

"చేనుకు కాపీరైటు లేదు. మీకుండాది. ఊరికే ఉండండి, నేను చూస్తా."

ఆయన ఊరికే ఉన్నాడు. అది ఆయనకు బాగా వచ్చిన పని.

శైలజతో చదివిన సుకన్య పెనుకొండలో లాయరు. గట్టు తగాదాలు, అన్నదమ్ముల పంపకాలు ఆమె చేతికింద నలుగుతుంటాయి. బొమ్మల కేసు అనగానే ఆమె ముచ్చటపడింది. ఇద్దరూ కూర్చుని ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టారు. నెలల తర్వాత సర్టిఫికెట్టు వచ్చింది. శైలజ దానికి ఫ్రేము కట్టించి దేవుడి పటాల వరసలో తగిలించింది. పాలవాడికి కూడా చూపించింది. అతను చెప్పులు విడిచి దండం పెట్టుకున్నాడు.

సుంకప్ప వచ్చాడు. కొత్త బొమ్మ కోసం వచ్చినవాడు మజ్జిగ తాగి, పటాల వంక చూసి, కళ్లజోడు పెట్టుకుని లేచి వెళ్లి చదివాడు.

"ఇదేంది తల్లీ?"

"ఇంగమీదట ఆయన బొమ్మ ఎవరు నేసినా చీరకింతని ఇయ్యాలన్నా. రూలు."

"నేను కూడానా?"

శైలజ ఒక్క క్షణం తడబడింది. "ఎవరైనా అంటే ఎవరైనానే" అంది.

సుంకప్ప కూర్చోలేదు. "ఏమప్పా జయచంద్రా, లేపాక్షి గుడి కంబాల మీది లతలు చూసి గీసిస్తివి నాకు. ఆ చెక్కినోని మనవళ్లు వస్తే ఏం చెప్తావు? నేను నేసేటోణ్ణి. కోర్టులు చూసేటోణ్ణి కాదు. నీ బొమ్మ నేసి, రేపు నీ ఇంటి నుంచే నాకు కాగితమొస్తే, నా మగ్గం నిలబెట్టుకోవల్లనా, పెనుకొండకు తిరగల్లనా?"

"నీ మీదికి ఏంటికి పోతామన్నా!" అన్నాడు జయచంద్ర.

"నువ్వు పోవు లేప్పా." సుంకప్ప శైలజ వంక చూడకుండానే ఆమె వంక చూసినంత పని చేశాడు. "మజ్జిగ మేలుగుండాది తల్లీ" అని వెళ్లిపోయాడు.

తర్వాత అతని దగ్గరి నుంచి బొమ్మ కోసం ఎవరూ రాలేదు. పక్క వీధి నుంచీ రాలేదు. ధర్మవరంలో మాట మగ్గం కన్నా వేగంగా నడుస్తుంది. జయచంద్ర బొమ్మ ముట్టుకుంటే కేసు అని ప్రచారమైంది. కంప్యూటరులో గీసే కుర్రాళ్లు బోలెడుమంది ఉన్నారు, వాళ్ల బొమ్మలకు ఫ్రేములు లేవు. జయచంద్ర పొద్దున్నే గళ్ల కాగితం పరుచుకునేవాడు. గీసేవాడు కూడా. గీసినవి చుట్టచుట్టి మూలన పెట్టేవాడు. మొదటి చీర శైలజ భుజానికి రావడం ఆగిపోయింది. ఆమె అద్దం తుడవడం కూడా తగ్గించింది.

"కేసు గెలిస్తే అన్నీ సర్దుకుంటాయి" అంది. ఇక మిగిలిన దారి అదొక్కటే. ఆ పెళ్లి చీరలు నేసినది హిందూపురంలో మరమగ్గాలు నడిపే గోపాల్ అని తేలింది. నోటీసు తయారైంది. సుకన్య రాసినది చప్పగా ఉందని శైలజ స్వయంగా ఒక పేరా చేర్చింది. ఈ అంచు ఎంత గొప్పదో, ఎన్ని వీధుల్లో ఎన్ని వందల చీరల మీద నేశారో, ఏయే ఊళ్ల పెళ్లికూతుళ్లు కట్టుకున్నారో రాసింది. ఆ పేరా రాసిన రోజు ఆమె మర్కంటైల్ లా పేపరు రాసిన రోజంత సంతోషంగా ఉంది.

గోపాల్ లాయరు జవాబిచ్చాడు. సుకన్య ఫోను చేసి ఇద్దరినీ పెనుకొండకు రమ్మంది.

ఆమె బల్ల మీద చట్టం పుస్తకం తెరిచి ఉంది. "శైలూ, నేనూ ఇప్పుడే చదివినా. గుడ్డ మీద వేసే బొమ్మకు వేరే చట్టముండాదే. బయట పెట్టకముందే దాంట్లో రిజిస్టరు చేయాల్సింది. చేయకపోతే, మగ్గం మీద యాభై గుడ్డలు దాటేదాకానే బొమ్మ నీది. దాటినాక ఎవరైనా నేసుకోవచ్చు."

"మరి ఫ్రేము కట్టించింది?"

"అది బొమ్మకు. చీరకు కాదు."

"ఎన్ని చీరలు నేసినారో వాళ్లకెట్ల తెలిసె?"

సుకన్య నోటీసు కాపీని ఆమె వైపు తిప్పింది. శైలజ తను చేర్చిన పేరాను మొదటిసారి ఎదుటి పక్షం కళ్లతో చదువుకుంది. భాష మాత్రం బాగుంది.

"అంటే, ఎవరూ కొనని బొమ్మయితే చచ్చేదాకా మాదే?"

"చచ్చినాక కూడా అరవై ఏండ్లు."

జయచంద్ర నవ్వాడు. ఆ గదిలో నవ్వింది అతనొక్కడే.

బయట వరండాలో గోపాల్ కూర్చుని ఉన్నాడు. రాజీ మాటలేమైనా ఉంటాయని సుకన్యే పిలిపించింది. నలభై దాటని మనిషి, చేతిలో బఠానీల పొట్లం. వీళ్లను చూడగానే లేచి నిలబడ్డాడు.

"అన్నా, మనసులో పెట్టుకోవద్దు. నాకు ఫోన్లో ఎవరిదో పెండ్లి ఫోటో వచ్చె. అంచు బాగుండాదని వేసినా. నీది అనుకోలే, చెనిక్కాయది అనుకున్యా. వదినా, బఠానీలు తినండి."

"తాలుకాయ ఏంటికి తీసేసినావు?" అని అడిగాడు జయచంద్ర.

"అది తాలుకాయనా! మచ్చ అనుకున్యా అన్నా." గోపాల్ నిజంగానే నొచ్చుకున్నాడు. "అయినా నాకేం మిగల్లేదు లే. నేను వేసిన మూడో నెలకే ఉత్తరాది నుంచి అదే అంచు ప్రింటు చీరలు వచ్చిపడె. నా దాంట్లో సగం రేటు. వాళ్లకు యాడ నోటీసిచ్చేది? వాళ్ల పేరే తెలీదు." పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అన్నా, నా దగ్గర కంప్యూటరుండాది, కూర్చునే మనిషి లేడు. నెలకింతని జీతం. దుడ్లు ఒకటో తేదీకి పడతాయి. రారాదూ?"

"ఏం గీయాల?"

"గీసేది ఏముండదు. ఫోటోలొస్తాయి. దించేదే."

శైలజ జయచంద్ర మొహం వంక చూసింది. వద్దంటాడని ఎదురుచూసింది. అతను రైలు టైమెంతని గోపాల్‌ను అడుగుతున్నాడు.

అప్పటి నుంచి జయచంద్ర పొద్దున ధర్మవరంలో రైలెక్కి, పెనుకొండ దాటి, హిందూపురంలో దిగి, ఎవరెవరి అంచులనో ఫోటోల్లోంచి దించి సాయంత్రానికి తిరిగివస్తాడు. ఇరవై ఏళ్లు సొంతంగా గీసినప్పుడు ఏనాడూ ఒకటో తేదీ అంటూ లేని ఇంటికి ఇప్పుడొక ఒకటో తేదీ ఉంది. మూలనున్న గళ్ల కాగితాల చుట్టలను అతనే తీసి శైలజకిచ్చాడు. డబ్బాల కింద పరుచుకోమన్నాడు. కందిపప్పు డబ్బా కింద ఏముందో చూడకూడదని ఆమె దాన్ని పూర్తిగా ఎత్తకుండానే తుడుస్తుంది.

దీపావళికి గోపాల్ పనివాళ్ల ఇళ్లకు తలా ఒక చీర పంపాడు. శైలజకు వచ్చిన పెట్టెలో అమ్ముడుపోక మిగిలిన చెనిక్కాయ అంచు. మూడు కాయలది. మొగుడి బొమ్మ ఉన్న చీర ఆమె బీరువాలోకి రావడం అదే మొదలు.

కార్తీకంలో సుంకప్ప కూతురి పెళ్లి. పాత సంగతులు పెట్టుకోకుండా ఇంటికొచ్చి పిలిచాడు. శైలజ ఆ చీరే కట్టుకుంది. ఏమైనా అంటాడేమో, కనీసం విసుక్కుంటాడేమోనని. జయచంద్ర తాళం వేస్తూ "టైమైంది పా" అన్నాడు, అంతే.

కల్యాణమండపంలో ఆమె అతన్నే గమనించింది. అతను తలెత్తి నడుస్తున్నాడు. అందరినీ మొహాలు చూసి పలకరిస్తున్నాడు. ఆమె చిన్నమ్మ ఎదురైతే "బాగుండావా అత్తా, చిక్కిపోయినావే" అన్నాడు. చిన్నమ్మ పొంగిపోయింది. పెళ్లికూతురు వచ్చి పీటల మీద కూర్చుంది. ఆ చీర కోసం సుంకప్ప ఏడాదిగా ఒక మగ్గం కేటాయించాడని చెప్పుకుంటున్నారు. మునుపటి మొగుడైతే ఈపాటికి పీటల దగ్గర నేల మీద కూర్చుని ఉండేవాడు, శైలజే అతని రెక్క పట్టుకుని లేపాల్సి వచ్చేది.

భోజనాల బంతిలో పక్కపక్కన కూర్చున్నారు.

"పెండ్లికూతురి అంచు చూసినారా?"

"చూడలే. పాప మొగం బాగుండాది. వాళ్లమ్మ పోలిక."

"నా చీర చూసినారా?"

అతను ఆమె మొహం వంక చూశాడు. "బాగుండాది."

"మొగం కాదండీ. కిందికి చూడండి."

"రోజూ చూసేదే గదా అది. ఆ చట్నీ ఇట్ల జరుపు."

శైలజ చట్నీ జరపలేదు. ఈ పెళ్లిలో ఏ మేనత్తా చీర సర్దుకుని దూరం జరగలేదు. ఎన్నాళ్లో మొగుణ్ణి ఇలాగే ఉండమని పోరింది. ఇప్పుడు ఉన్నాడు.

"తప్పు నాదండీ" అంది.

ఎదురు బంతిలో సుంకప్ప వడ్డన చూస్తున్నవాడు ఆగాడు. జయచంద్ర చేతిలో ముద్ద అలాగే ఉంది. "ఏందది?" అన్నాడు. నిజంగానే వినపడలేదో, పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మాట ఎప్పుడూ వినక పోల్చుకోలేకపోయాడో తెలియదు.

శైలజ ఈసారి బంతి మొత్తానికి వినపడేలా చెప్పింది.

"నాదే తప్పు అంటాండా. కాగితం గోడకు తగిలిస్తే అది మనకు అన్నం పెడతాది అనుకున్యా."