స్వరం నెత్తిన శ్రీ

మా సంగీత దర్శకుడు బసవపున్నయ్యగారికి ఎన్ని పట్టింపులున్నా సర్దుకుపోవచ్చు గానీ, శ్రీకారం విషయంలో మాత్రం ఆయనతో వేగలేం. ఏ పాటకి స్వరాలు రాసిన నొటేషన్‌లో అయినా మొదటి స్వరం నెత్తిన ‘శ్రీ’ ఉండాల్సిందే. కాస్త పక్కకి జరిగినా కాగితం వెనక్కి వచ్చేస్తుంది.

ఆ రోజు ఫిల్మ్ నగర్ స్టూడియోలో నా మొదటి పాట. ట్యూన్ ఆయనదే, వయొలిన్లు ఏం వాయించాలో రాసింది నేను. జోలపాట.

“ఒక్క టేక్ వింటాను హిమజా. నచ్చితే ఉంచుదాం. లేకపోతే కీబోర్డులో లాగించేద్దాం,” అన్నారాయన.

కృష్ణానగర్ అద్దె గదిలో కూర్చుని ఇన్నాళ్లూ వేరేవాళ్లు రాసిన నొటేషన్లు కంప్యూటర్లో ఎక్కించిన నాకు, ఆ ఒక్క టేకే దిక్కు.

వయొలిన్ వాళ్లు కింద టిఫిన్ చేస్తుండగా ప్రింట్ తీసి చూశాను. మొదటి వరసలో స్లర్ తెగిపోయి ఉంది. స్లర్ అంటే స్వరాల మీద గీసే వంపు గీత. దాని కింద ఉన్నవన్నీ కమాను వెనక్కి తిప్పకుండా ఒకే లాగుడులో వాయించాలి. నా గీత మధ్యలో కొండలా లేచి, కాగితం పై అంచు దాటిపోయి, అవతల మళ్లీ దిగింది. చూసేవాళ్లకి రెండు ముక్కలు. ముక్కలైన చోట కమాను తిప్పేస్తారు. నిద్రలోకి జారుతున్న పిల్ల కాస్తా ఉలిక్కిపడి లేచి కూర్చుంటుంది.

చెరిపి మళ్లీ గీశాను. మళ్లీ లేచింది. మౌస్‌తో పట్టుకుని కిందికి లాగాను. వదలగానే ఎగిరింది. మొండిఘటం.

కీబోర్డ్ వాయించే శ్రీకాంత్ తొంగి చూశాడు. “రెండో లైన్ల మంచిగనే ఉంది కదా. మొదటి లైన్లనే గిట్లెందుకు చేస్తుంది?”

వయొలిన్లు పోతే ఆ పని దక్కేది అతనికే. అయినా అడిగాడు, మంచివాడు.

మొదటి వరసలో మాత్రమే ఉన్నదేమిటి? శ్రీ. పక్కకి జరగకూడదని నేనే దాన్ని స్వరానికి అతికించి, కదలకుండా తాళం వేశాను. ఆ అక్షరానికి తగలకూడదని సాఫ్ట్‌వేర్ గీతను దాని మీదుగా ఎత్తి పంపుతోంది. శ్రీ తీసేశాను. గీత బుద్ధిగా దిగి స్వరాల మీద పడుకుంది.

ఇప్పుడు శ్రీ పెడితే పాట చెడుతుంది, తీస్తే ఆయన ఊరుకోరు. భయపడుతూనే వెళ్లి ఉన్నమాట చెప్పేశాను.

ఆయన కాఫీ కప్పుతోనే వచ్చి తెర వంక చూశారు. “ఈ శ్రీ ఎప్పుడు పెడతావు నువ్వు?”

“చివర్లో సార్. అంతా అయ్యాక.”

“అంతా అయ్యాక పెట్టేదాన్ని శ్రీకారం అంటారటమ్మా?” కప్పు పక్కన పెట్టారు. “మా గురువుగారు ఖాళీ కాగితం మీద ముందు శ్రీ రాసుకుని, ఆ తర్వాతే దాని కింద స్వరం వేసేవారు. అందుకే అది స్వరం నెత్తిన కనిపించేది. నేను ముందు రాయడం వదిలేసి, చోటు పట్టుకుని వేలాడుతున్నాను ఇన్నాళ్లూ.”

ప్రింటర్ ట్రేలోంచి ఖాళీ కాగితాలు తీసి, ఒక్కొక్కదాని మీద పెన్నుతో శ్రీ రాసి, మళ్లీ ట్రేలో పెట్టారు. “ఇప్పుడు ప్రింట్ కొట్టు.”

వచ్చిన కాగితాల్లో శ్రీ ఒకదాంట్లో కుడికి ఉంది, ఒకదాంట్లో ఎడమకి. ఆయన ఒక్కటీ వెనక్కి పంపలేదు. టిఫిన్ చేసి వచ్చిన వయొలిన్ల పెద్ద వెంకటాచలంగారు తన కాగితాన్ని కళ్లకద్దుకుని స్టాండు మీద పెట్టారు.

కమాన్లన్నీ కలిసి కదిలాయి. ఆ వరస చివరిదాకా ఒక్కటీ తిరగలేదు. రికార్డింగ్ గది అద్దానికి ఇవతల నిలబడి విన్నాను. నాకెప్పుడూ అంత సంతోషం కలగలేదు.

టేక్ అయ్యాక బసవపున్నయ్యగారు లేచి ప్రింటర్ దగ్గరికి వెళ్లారు. ట్రేలో మిగిలిపోయిన కాగితం ఒకటి తీశారు. దాని మీద శ్రీ తప్ప ఇంకేమీ లేదు.

“రెండో పాట దీని మీద మొదలుపెట్టు,” అని నా చేతికిచ్చారు.