నరహరి రంగులు

ఉతకబోయే ముందు లింగవ్వ చొక్కా జేబును లోపలి వైపు తిప్పి చూసింది. నరహరి జేబులో ఎప్పుడూ బీడీ ముక్కో నూలు పోగో ఉంటుంది. ఇవాళ ఏమీ లేదు. ఏమీ లేకపోవడమే ఆమెకు నచ్చలేదు. చొక్కాను ముక్కు దగ్గర పెట్టుకుంది. చెమట, మగ్గం నూనె. పరాయి వాసనేదీ తగల్లేదు. బకెట్లో ముంచగానే నీళ్లు ఎర్రబడ్డాయి, ఆమె వేళ్లూ ఎర్రబడ్డాయి.

చిలకపచ్చ, పసుపు అయ్యాయి, ఇప్పుడు ఎరుపు.

ఇన్నేళ్ల కాపురంలో నరహరి బూడిదరంగు తప్ప తొడిగింది లేదు. మీసాలు సరిగా రాని వయసులో సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చి పవర్‌లూమ్ దగ్గర నిలబడ్డాడు. ఇంకా అక్కడే నిలబడుతున్నాడు. మగ్గం వైపు ఒరిగీ ఒరిగీ ఒక భుజం కిందికి దిగింది. కనుబొమల్లో దూది నలకలు స్నానం చేసినా పోవు. మగ్గాల మోతకు చెవులు సగం పోయాయి, దాంతో మాటలు తగ్గాయి. అతని మగ్గం మీద రంగు ఉండదు. తెల్లగా, చప్పగా దిగిన బట్ట తాను ప్రింటింగ్ మిల్లుకు పోయాకే దానికి రంగు పడుతుంది. ఆ రంగులన్నీ చూసేది లింగవ్వే. రింగ్ రోడ్డు మార్కెట్లో, చీరల గోదాములో మడతలు పెట్టే పని ఆమెది.

అలాంటి మనిషికి ఈ వయసులో రంగులెందుకు? పక్కింటి కనకవ్వ నిన్న నల్లా దగ్గర ఆ మాటే మెల్లగా అంది. "అన్న పెండ్లికొడుకు లెక్క తయారైతుండు. జర కనిపెట్టుకోని ఉండు వదినె." కతర్‌గామ్ పేటలో ఎవరో ఒకామె ఉందని, వాళ్లుండే గోడాదరా గల్లీలో అప్పుడే ఒక మాట పుట్టింది.

ఆదివారం కార్ఖానా బంద్. అన్నం తిన్నాక నరహరి పసుపు చొక్కా తొడిగి, మెడకు పచ్చ రుమాలు చుట్టి, అద్దంలో అటూ ఇటూ చూసుకున్నాడు. ఎక్కడికని అడిగితే చౌక్ దాకా అన్నాడు. ప్రతి ఆదివారం అదే జవాబు. లింగవ్వ తలుపుకు గొళ్లెం పెట్టి, కొంగు తలమీదికి లాక్కుని, అతని ఆటో వెనకే ఇంకో ఆటో ఎక్కింది.

అతను చౌక్‌లో దిగాడు. ఎవరికోసమూ చూడలేదు. పూలు కొనలేదు. నది వైపు నడిచి, ఇప్పుడు మ్యూజియం చేసిన పాత కోట దగ్గర ఆగాడు. గేటు దగ్గర యూనిఫాం చీరలో కూర్చున్న ఆడమనిషి అతన్ని చూసి నవ్వింది. అతను గుండెమీద చెయ్యి పెట్టుకుని తల వంచాడు.

లింగవ్వ గోడ పక్కన ఆగింది. ఇదన్నమాట. ఆ మనిషిని పైనుంచి కిందిదాకా చూసింది. నెరిసిన జుట్టు, దళసరి కళ్లద్దాలు, వాచిన పాదాలు. నరహరి లోపలికి వెళ్లాక ఆమె వెనక్కి తిరిగైనా చూడలేదు. తర్వాత వచ్చినవాళ్లకూ అదే నవ్వు నవ్వింది. అప్పటికీ లింగవ్వకు నమ్మకం కుదరలేదు. టికెట్టు తీసుకుని తనూ లోపలికి పోయింది.

చల్లటి గది. అద్దం వెనక ఎప్పటిదో మగవాళ్ల పొడవాటి అంగీ. ఎర్రటి నేల మీద చిన్న చిన్న పసుపు పూలు, వాటి మధ్య పచ్చటి తీగలు, రొమ్ము దగ్గర ముడివేసుకునే నాడాలు. ఈ ఊరి రేవుకు ఓడలు వచ్చిన కాలం నాటిదట. నరహరి చేతులు వెనక్కి కట్టుకుని, ముక్కు అద్దానికి ఆనేంత దగ్గరగా నిలబడి ఉన్నాడు.

లింగవ్వ అతని చెవి దగ్గరికి వెళ్లి అడిగింది. "ఎవలకోసం వస్తున్నవ్ ఈడికి?"

అతను ఉలిక్కిపడలేదు. వేలితో అద్దం చూపించాడు.

"సూడు. మగోళ్లు తొడిగిందే గిది. పూలున్నయి. అప్పుడు ఎవలన్న నవ్విన్రా?"

చెవిటి మనిషి గొంతు పెద్దది. గదిలో ఉన్నవాళ్లు తిరిగి చూశారు. ఒక వానరోజు తడవకుండా ఇందులోకి వచ్చానని, అప్పట్నుంచి ఈ అంగీ కళ్లలోంచి పోవడం లేదని చెప్పాడు. ఇంత రంగు మనుషుల ఒంటిమీద ఉండేదని తనకు తెలియదన్నాడు.

లింగవ్వ అనుమానం ఇంకా తీరలేదు. "షావుకార్లు తొడిగిన్రు. నేసినోళ్లు తొడగలే."

నరహరి మళ్లీ అద్దం వైపు తిరిగాడు. ఈసారి గొంతు తగ్గించాడు.

"నేసినోడూ తొడిగే ఉంటడు. మడత పెట్టే ముందు ఒక్కపారన్న మీదేసుకుంటడు గద."

లింగవ్వ కూడా అద్దం దగ్గరికి జరిగింది. గోదాములో సూపర్‌వైజర్ అటు తిరిగినప్పుడు తనూ మంచి చీర కొంగు భుజం మీద వేసి చూసుకుంటుంది. ఆ సంగతి ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడూ చెప్పలేదు.

తిరుగుదారిలో ఆటోలో పక్కన కూర్చుని అతని చూపు ఎటు పోతుందో కనిపెడుతూనే ఉంది. అతను స్కూటర్లమీద పోయే మగవాళ్ల చొక్కాలు చూస్తున్నాడు. నవాగామ్ రాగానే ఆటో ఆపించి, ఆమెను దర్జీ బుచ్చిరాములు కొట్టుకు తీసుకుపోయాడు. అక్కడ ఎర్రటి చీరగుడ్డ ఉంది, పసుపు పూలది. అచ్చం కోటలోని అంగీలాగే కుట్టమని ముందే ఇచ్చాడట. బుచ్చిరాములు లింగవ్వను పక్కకు పిలిచాడు.

"అన్న దిమాగ్ మంచిగనే ఉందా వదినె? నాటకమేమన్న ఆడుతుండా?"

పొద్దుటిదాకా కనకవ్వ మాట నమ్మిన లింగవ్వకు ఇప్పుడు ఎక్కడలేని కోపం వచ్చింది.

"నీకెందుకది? కొలత మంచిగ తీస్కో. ఒక భుజం జర కిందికుంటది ఆయనకు."

ఇంటికి వచ్చాక నరహరి కాసేపు ఒరుగుతానని చాప మీద పడుకున్నాడు. ఆమె దండెం మీది ఎర్ర చొక్కా తీసి, మడత పెట్టి, చాయ్ పెట్టింది. గ్లాసు పట్టుకొచ్చి చెవి దగ్గర పిలిచింది. అతను రెండో పిలుపుకు లేచే మనిషి. రెండోసారి పిలిచింది. తర్వాత గ్లాసు కింద పెట్టి, అతని నుదుటి మీద చెయ్యి వేసి, అలాగే కూర్చుండిపోయింది.

తెల్లబట్ట కప్పి సాగనంపారు. పాడె లేచేదాకా గల్లీ ఆడవాళ్ల చూపులు మలుపు దగ్గరే ఉన్నాయి, కతర్‌గామ్ నుంచి ఎవరైనా వస్తారేమోనని. ఎవరూ రాలేదు. వాళ్లు ఎవరికోసం చూస్తున్నారో లింగవ్వకు తెలుసు. కోట సంగతి చెప్పబుద్ధి కాలేదు. చెబితే నవ్వుతారు.

దినాలు అయ్యాక బుచ్చిరాములు సంచీతో వచ్చి గడప బయటే నిలబడ్డాడు. పని సగంలో ఉందని, పూర్తి చేయాలో వద్దో తెలియలేదని నసిగాడు. లింగవ్వ సంచీ అందుకుని, చాలన్నది. కనకవ్వ తొంగి చూసి, గంత ఎర్రటిది ఎవలకని అడిగింది. లింగవ్వ సంచీ లోపలికి తీసుకుపోయి తలుపు వేసింది.

తలుపు వెనక మేకుకు, ఒక చెయ్యి ఇంకా కుట్టని పూల అంగీ, మెడ దగ్గర సుద్దగీత చెరగకుండా, కచ్చాకుట్ల తెల్లదారం కిందికి వేలాడుతూ.