మడత విప్పిన ఆకు

కుంటలో జీవుల సర్వేకి వచ్చిన అలన్ బర్ట్విసిల్ నీటిమొక్క ఆకు మడత విప్పాడు. లోపల లేత పసుపు గుడ్డు, ఆవగింజంత. వీపు మీద రంపప్పళ్ళున్న పెద్ద నీటిబల్లి పెట్టిన గుడ్డు. చట్టం కాపాడే జీవి. అది ఉన్న కుంటని పూడ్చి ఇళ్ళు కట్టాలంటే కంపెనీకి చుక్కలు కనబడతాయి.

ఒక్క గుడ్డు కనబడితే ఇక వెతకకూడదు. విప్పిన గుడ్డు బతకదు. అలన్ ఆగాడు. ఫారం తీసి ‘లేవు’ అని రాశాడు.

పక్క మడిలో చిక్కుడు పందిరి కడుతున్న హిల్డా ముసలమ్మ అదంతా చూసింది. నలభై ఏళ్ళు లాంకషైర్ మిల్లులో మగ్గం నడిపిన మనిషి. ఆ కుంట ఆమె మొగుడు తవ్విందే. టీ తెచ్చి చేతిలో పెట్టింది.

“తాగు నాయనా, నీళ్ళు చల్లగా ఉన్నాయి.”

అలన్ ఆ టీ తాగకుండానే గట్టు మీద పెట్టేశాడు.

ఎందుకు రాశాడు? “ఆ కుంటలో ఏమీ ఉండదు, ఉంటే వచ్చే ఏడు నీకు పని ఉండదు” అన్నాడు కంపెనీ పెట్టుకున్న సర్వే ఆఫీసు యజమాని పార్జెటర్. అంతే. కత్తి చూపలేదు. ఆ మాత్రానికే వంగిపోయాడు. మనలో చాలామందిమి ఆ మాత్రానికే వంగుతాం.

ఆరు వారాలకి ఆ ఫారం చూపించి కంపెనీ అనుమతి తెచ్చుకుంది. ఇరవై ఆరు ఇళ్ళవాళ్ళు బంగాళాదుంపలు పండించుకునే మునిసిపల్ మడులు, కుంట, అన్నీ పోతాయి. సోమవారం బుల్డోజరు వస్తుందన్నారు. ఆదివారం షెడ్డులో సభ.

“బల్లి ఉంటే కొత్త కుంట తవ్వి, బకెట్లో పెట్టి మర్యాదగా దింపొస్తారంట!” అని ఎగిరాడు గిడ్డంగిలో పని పోయిన రాన్. “మనల్నేమో గేటు బయటికి గెంటుతారు. నేనూ తోక పెంచుకోవాలేమో!”

నవ్వారు.

“నవ్వింది చాలు,” అంది మడుల కమిటీ కార్యదర్శి నస్రీన్. బస్సు నడుపుతుంది. “బల్లులుంటే పని ఏడాది ఆగుద్ది. ఏడాదిలో ఊరంతా లేపొచ్చు. లేవని రాసినాయన అదిగో, తలుపు దగ్గరున్నాడు. ఎందుకొచ్చాడో చెప్పమనండి.”

అలన్ తల ఎత్తలేదు. “ఉన్నాయి. గుడ్డు నా చేత్తోనే విప్పాను. లేవని రాశాను. ఆ మాట నిన్న మా ఆఫీసుకీ, మునిసిపాలిటీకీ రాసిచ్చా.”

“ఎంతకి అమ్ముడుపోయావురా?” అన్నాడు రాన్.

“అమ్ముడుపోలేదు. భయపడ్డా.”

“థూ! పైసా లేకుండానే అమ్ముడుపోయాడన్నమాట!”

హిల్డా లేచింది. జేబులోంచి ఉత్తరం తీసింది. “నన్నూ తిట్టు, రాన్. నోరు మూసుకుంటే వేరేచోట మడి ఇస్తామంది కంపెనీ. నా ఒక్కదానికే అంది. సంతకం పెట్టేశా. అందుకే ఆ రోజు చూసి కూడా నోరెత్తలేదు.”

రాన్ చెవులు ఎర్రబడ్డాయి. “నా ఒక్కడికే అన్నారే...” అంటూ కోటులోంచి అలాంటిదే తీశాడు. ఒక్కటొక్కటిగా పంతొమ్మిది ఉత్తరాలు బల్ల మీద పడ్డాయి. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు.

“విడివిడిగా కొన్నారు మనల్ని,” అంది నస్రీన్. “సిగ్గుపడండి. పడాల్సిందే. పడి ఇంట్లో కూర్చోకండి.”

ఉత్తరాలు చింపి ఎరువు కుప్పలో కలిపేశారు. బల్లుల్ని పట్టి రుజువు చూపడానికి సాయంత్రం అందరూ చేరి, మూతి కోసి లోపలికి తిప్పిన ప్లాస్టిక్ సీసాలు పన్నెండు కుంట అంచున గుచ్చారు. లోపలికెళ్ళిన బల్లికి బయటికొచ్చే దారి దొరకదు.

సోమవారం పొద్దున్నే బుల్డోజరు గేటు దగ్గర గుర్రుమంటోంది, పక్కన పోలీసు కారు. అలన్ మోకాలి లోతు నీళ్ళలో దిగి మొదటి సీసా ఎత్తాడు. బల్లిని అరచేతిలోకి తీసి అందరికీ చూపించాడు. నారింజరంగు పొట్ట, దాని మీద నల్లమచ్చలు.

“లైసెన్సు?” అన్నాడు పోలీసు.

ఆఫీసు లైసెన్సులోంచి అలన్ పేరు పార్జెటర్ కొట్టేసి రెండు రోజులైంది.

“లైసెన్సు లేకుండా దీన్ని పట్టుకోవడం నేరం. పైకి రా.”

“పూడ్చేవాడిది కాదంట, ఎత్తినవాడిది నేరమంట!” అని అరిచాడు రాన్.

అలన్ బల్లిని నెమ్మదిగా నీళ్ళలో వదిలి చేతులు చాపాడు. సిగ్గు పోయిందా? పోలేదు. తను విప్పిన గుడ్డు బతకలేదు.

బేడీల చప్పుడుకి హిల్డా గౌను ఎత్తిపట్టి కుంటలో దిగింది. రెండో సీసా లాగింది.

“నా దగ్గరా లైసెన్సు లేదు బాబూ. రాసుకో.”

వెనక రాన్ దిగాడు. నస్రీన్ దిగింది. ఇంకా దిగుతున్నారు.

ఇరవై ఆరు ఇళ్ళ జనం. పోలీసులది ఒక్కటే కారు.