ఇంటి నుంచి తెచ్చిన కాగితం

అక్షరాలు తప్పులు పోతే మన్నించండి. యాభై ఎనిమిదో ఏట పలక పట్టిన చెయ్యి ఇది. ఒక్కో వాక్యానికి పొయ్యి మీద కూర ఉడికేంత సేపు పడుతోంది.

మా ఆయన రంగుల ఫ్యాక్టరీలో ట్యాంకులు కడిగేవాడు. ఒక పొద్దున ట్యాంకులోకి దిగినవాడు ప్రాణంతో పైకి రాలేదు. లోపల విషపు గాలి ఉందట. మూడో రోజు ఆఫీసువాళ్లు ఇంటికొచ్చి, శవం అందినట్టు రాసుకున్నామని చెప్పి ఒక కాగితం మీద నా వేలిముద్ర తీసుకున్నారు. నకలు ఒకటి ఇస్తే ట్రంకుపెట్టె అడుగున దాచాను.

ఆరేళ్లకు అదే కంపెనీ పనివాళ్ల ఇళ్లలో ఆడవాళ్లకు చదువు చెప్పించింది. నా కూతురు ఆ ఫ్యాక్టరీలోనే డబ్బాలకు చీటీలు అంటించేది. చదువు వ్యవహారం చూసే అధికారిని మేము నవ్వుల సారు అనేవాళ్లం. వ్యాపారం నేర్పే పెద్ద కాలేజీలో, కంపెనీలు సమాజానికి చేసే మేలు గురించి ఒక పాఠం ఉందట. అందులో మా కంపెనీ పేరు కూడా చేర్చారట. నేను వెళ్లి పిల్లల ముందు చదవాలన్నాడు.

"మేమిచ్చింది చదివితే బట్టీ పట్టించారంటారమ్మా. ఇంట్లో కాగితం ఏదైనా తెచ్చుకో, కరెంటు బిల్లయినా సరే."

మా ఇంట్లో కాగితాలు రెండే. ఒకటి కరెంటు బిల్లు. రెండోది పెట్టెలోంచి తీసి మూడు సాయంత్రాలు కూడబలుక్కున్నాను. చివరికొచ్చాక మళ్లీ మొదటి నుంచి చదివాను.

కూతురికి చూపిస్తే లేచి తలుపు వేసింది. "నాన్న ఎలాగూ రాడు. నా పని కూడా పోగొట్టకు. బిల్లు చదివి వచ్చెయ్యి."

సరేనన్నాను. సంచిలో రెండూ పెట్టుకున్నాను.

ఆ గదిలో కుర్చీలు మెట్లు మెట్లుగా ఉన్నాయి. గోడ మీద వెలుగులో పలకతో నా ఫొటో. దాని కింది అక్షరాలు ఊరికే ఉండలేక చదివాను. ఈ ఫ్యాక్టరీలో యాజమాన్యం అజాగ్రత్త వల్ల ఒక్క ప్రాణమూ పోలేదని ఉంది. సంచిలో బిల్లు చేతికి తగిలింది. పక్కకు నెట్టి రెండోది తీశాను.

"నా భర్త ఎవరూ చెప్పకుండానే, ఇచ్చిన రక్షణ ముసుగు వేసుకోకుండా, తన ఇష్టం కొద్దీ ట్యాంకులోకి దిగాడు. ఇందులో కంపెనీ తప్పు లేదని తెలిసి ఒప్పుకుంటున్నాను."

ముసుగు దగ్గర రెండుసార్లు ఆగాను.

ముందు వరసలో అమ్మాయి, ఇది ఎవరు రాశారని అడిగింది.

"తెలీదమ్మా. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. దిగమన్నది మేస్త్రీ. ముసుగు అనేది మా ఆయన కంటితో చూడలేదు. వేలు మాత్రం నాదే."

నవ్వుల సారు నవ్వు చెదరకుండానే ముందుగా చప్పట్లు కొట్టాడు. "చూశారుగా, ఎంత స్పష్టంగా చదివిందో." పిల్లలూ కొట్టారు. ఆ అమ్మాయి కొట్టలేదు. పాఠం చెప్పే ఆయన గడియారం చూసుకుని ఫొటో మార్చేశాడు.

సోమవారం నా కూతురిని గేటు దగ్గరే ఆపేశారు. నెల తిరక్కుండా కంపెనీ క్వార్టరు ఖాళీ చేయించారు. సామాను కట్టేటప్పుడు కూతురు ఒకే మాట అంది, కొరివితో తల గోక్కున్నావని. అప్పటినుంచి కంచం నా ముందుకు జరిపి అటు తిరిగి తింటుంది.

మొన్న ఆ కాలేజీ అమ్మాయి వెతుక్కుంటూ వచ్చింది. వచ్చే ఏడాది పిల్లలకు ఆ పాఠంతో పాటు నా కాగితం కూడా ఇవ్వమని పాఠం చెప్పే ఆయన్ని అడుగుతుందట. ఆయన ఒప్పుకుంటాడో లేదో తెలీదంది. నకలు ఇచ్చాను. జరిగింది కూడా రాసి ఇమ్మంటే, ఇదిగో, ఇది రాశాను. కూతురు పక్కనే ఉంది. చదవమంటే చదవలేదు. చింపనూ లేదు.

ఈసారి వేలిముద్ర వేయడం లేదు.

ట్యాంకులు కడిగినవాడి భార్యను. వయసు అరవై. ఇప్పుడు రైలు పట్టాల అవతల, కూతురితో ఒకే గదిలో ఉంటున్నాను.