అడగని పిల్ల

కనకకు ఉన్న భయమల్లా ఒక్కటే. తొమ్మిదేళ్ల కూతురు మాధవి పరాయి ఇంట్లో ఆకలితో మాడుతూ కూడా నోరు విప్పదని. ఆ పిల్లకు అలా నేర్పింది తనే.

జి.మాడుగుల పైకొండల్లో వాళ్ల ఊరి పద్ధతి అది. గడప తొక్కినవాళ్లకు ఇంటివాళ్లే కనిపెట్టి పెట్టాలి. వచ్చినవాళ్లు అడిగే దాకా తెచ్చుకుంటే ఆ ఇంటి పరువు పోయినట్టే. అందుకే మాధవికి మాటలు వచ్చిన నాటినుంచీ కనక చెబుతూనే ఉంది, "ఎవలింటికెల్లినా అడక్కూడదమ్మా. ఆల్లే పెడతారు."

కాఫీ పళ్లు ఏరే రోజుల్లో కనక ఆడపడుచు పైడమ్మ పాడేరు నుంచి వచ్చింది. సామ అన్నం, చిక్కుడు గింజల కూర కడుపునిండా తిని చెయ్యి కడుక్కుంది.

"మరదలా, గుంటని, మాధవిని, నాకియ్యి. ఇంగ్లీసు బడిలో ఏత్తాను. నీలాగ సదువు మద్దిలో ఆపీదు."

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. తల్లి మంచాన పడ్డ ఏడాది కనక చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. పైగా ఇప్పుడు చంకలో చంటివాడు. మొగుడు ఫల్గుణ వైపు చూసింది. "మా అక్కే కదేటి," అన్నాడతను. తమ ఇంట్లో తిని అడిగిన మనిషి, పైగా సొంత ఆడపడుచు, కాదనడం ఎలా. కనక తలూపింది.

మాధవి పాడేరు వెళ్లాక ఆదివారం ఆదివారం ఫోన్ వచ్చేది.

"ఏటి తిన్నావే?"

"తిన్నానమ్మా."

"కూరేటి?"

"అత్త పెట్టడం మరిసిపోనాది. పనిలో ఉంది," అంది మాధవి.

కనకకు చిన్నప్పుడు బడిలో ఇంగ్లీషు మాస్టారు దైవాధీనం చెప్పిన పాఠం గుర్తుకొచ్చింది. ఒట్టి 'ఆస్క్' అంటే ప్రశ్న వెయ్యడం, వెనక 'ఫర్' తగిలిస్తే కావలసిన దానికి చెయ్యి చాచడం అనేవాడు ఆయన. ఆ ఆస్క్ వెయ్యేళ్లు దాటిన ముసలి మాటట. మన 'ఇచ్ఛ'కు దూరపు చుట్టమట. మనసులో కోరిక పుట్టాకే నోటికి అడగడం వచ్చిందర్రా, కోరుకోవడం తప్పు కానప్పుడు అడగడం తప్పెలా అవుతుంది అని బల్ల మీద చరిచేవాడు.

"ఇంగ్లీసు మాటొకటి సెప్తాను, నేర్సుకో. ఆస్క్ ఫర్. ఆకలేత్తే, ఆస్క్ ఫర్ రైస్. మీ అత్తనే అడుగు."

"అడిగితే అత్తకి సిగ్గు కదమ్మా," అంది మాధవి.

ఆ తరువాత ఫోన్ రాలేదు. చేస్తే పైడమ్మ ఎత్తలేదు. చంటివాణ్ణి గుడ్డతో వీపుకు కట్టుకుని కనక జీపెక్కి పాడేరు వెళ్లింది.

పైడమ్మ గుమ్మంలోనే నిలబడింది. లోపలికి రమ్మనలేదు.

"గుంటేదొదినా?"

"సీలేరు ఎల్లింది. తెలిసినోల్లు, పాజెక్టు కాలనీలో ఉంటారు. ఆల్ల పిల్లాడ్ని ఆడించడానికి మనిషి కావాలని అడిగినారు. ఇచ్చినాను."

"బడో?"

"బడి ఎక్కడికి పోద్ది? వచ్చే ఏడు ఏత్తార్లే."

"సదివిత్తానని కదా నన్నడిగినావు. నా సేతి కూడు తిని అడిగినావు."

"అయితే ఏటి? నువ్వు నాకిచ్చినావు, నాను ఆల్లకిచ్చినాను. అడగ్గానే ఇచ్చీసినదానివి, ఇప్పుడు నన్నంటావేటి?"

కనక ఆ ఇంటివాళ్ల పేరు అడిగింది. చెప్పలేదు. నంబరు అడిగింది. వాళ్లకు ఇబ్బంది అంది పైడమ్మ. మంచినీళ్లయినా ఇవ్వకుండానే తలుపు వేసేసింది.

ఫల్గుణ సీలేరు వెళ్లి కాలనీ గేటు దగ్గర రెండు పూటలు నిలబడి వచ్చాడు. ఏ ఇంటికో, ఎవరి ఇంటికో చెప్పకుండా లోపలికి పంపేది లేదన్నారట. పోలీసు స్టేషనుకు పోదామని కనక అంటే, "సొంత అక్క మీదా?" అని తల దించుకున్నాడు. ఇప్పుడు చంటివాడికి జ్వరం, అది తగ్గగానే కనకే స్టేషనుకు పోతుంది, మొగుడు వచ్చినా రాకపోయినా. ఈ లోపల ఎవరు కనిపిస్తే వాళ్లకు చెబుతోంది.

మీకు సీలేరు వైపు పని పడితే, ఆ కాలనీలో చంకన పిల్లాడితో తిరిగే తొమ్మిదేళ్ల పిల్ల కోసం చూడండి. ఎడమ కనుబొమ్మ మీద కాలిన మచ్చ ఉంటుంది. తిన్నావా అంటే తిన్నాననే అంటుంది, నమ్మకండి. ముందు ఏదైనా చేతిలో పెట్టండి. ఆ తరువాత ఎవరింట్లో ఉంటోందో కనుక్కోండి. పేరు మాధవి. ఒక్కసారి చూసి రండి.