దొరగారి మౌనం

వెర్నా తన భర్త రస్సెల్ చొక్కా ఇస్త్రీ చేస్తూ మాటలు వల్లె వేసుకుంటోంది. తన మాటలు కావవి. తనకు ఆ రోజు సీరియల్లో ఉన్నవల్లా రెండు ముక్కలూ, ఒక కేక. వల్లె వేస్తున్నది దొరగారి మాటలు.

"కేక వెయ్యడానికి కూడా చదువుకోవాలా?" అన్నాడు రస్సెల్, పేపరు దించకుండా. "ఇంట్లో ఊరికే వేస్తావుగా." తన మాటకు తనే నవ్వుకుని, కాలరు గట్టిగా రుద్దమన్నాడు.

రుద్దింది. పెళ్లయిన నాటినుంచీ రుద్దుతూనే ఉంది. విందుల్లో అతను కథలు చెబుతూ ఊరి పేరో మనిషి పేరో మరిచిపోతే పక్కనుంచి అందించేదీ ఆమే. అందిస్తే మధ్యలో దూరకంటాడు. అందించకపోతే రాయిలా కూర్చున్నావేమంటాడు. మగాడికి ఒక నోరు చాలదు, పెళ్లాం నోరు కూడా కావాలి. అయితే అది ఆమె నోరని నలుగురికీ తెలియకూడదు.

న్యూయార్కులో ఆమె నటించే టీవీ స్టూడియోలోనూ అదే కాపురం. రోజూ నాలుగింటికి ఇల్లాళ్లంతా చేతిలో పని వదిలేసి చూసే సీరియల్ అక్కడ తీస్తారు. రెండు శతాబ్దాల కిందట చచ్చి, శవపేటికలోంచి లేచొచ్చి నెత్తురు తాగే దొర వేషం డెస్మండ్‌ది. అతని కోటలో చిక్కుకున్న భార్య వెర్నా. డెస్మండ్‌కు గొంతుంది, భుజాలున్నాయి, జ్ఞాపకం మాత్రం చిల్లికుండ. చిత్రీకరించిన టేపు కోసి అతకడం దండగ ఖర్చని, ఒకసారి కెమెరా తిరగడం మొదలైతే ఆపరు. అట్టగోడ ఊగినా, దొరగారి ముక్కు మీద ఈగ వాలినా జనం మీదికి అలాగే వదిలేస్తారు. అందుకే అతను తడబడినప్పుడల్లా వెర్నా అతని గుండెల మీద వాలి, ఏడుస్తున్నట్టు ముఖం దాచుకుని, తర్వాతి మాట గొణిగేది. పత్రికలవాళ్లు ఆ విరామాలను తెగ మెచ్చుకున్నారు. ఎంత లోతైన మౌనమో అని రాశారు.

ఆ ఉదయం ఆమె మేకప్ కుర్చీలో ఉండగా దర్శకుడు టెష్ వచ్చాడు. ఆమె ముఖం చూడకుండా అద్దంలోకే చూస్తూ మాట్లాడాడు. శుక్రవారం ఆమె పాత్రను చంపేస్తున్నారట. దొరకు ఇంకా వయసులో ఉన్న పిల్లను తెస్తున్నారట.

"నా మీద కోపం పెట్టుకోకమ్మా. నీ గొణుగుడు మైకులో పడుతోంది. దానితో ధ్యాస చెడిపోతోందని డెస్మండ్ గోల పెడుతున్నాడు."

పౌడరు అద్దుతున్న పిల్ల చెయ్యి ఆగిపోయింది. తనలో రగులుతున్నది దుఃఖమేననుకుంది వెర్నా మొదట. ఆడదానికి ఒళ్లు మండినప్పుడల్లా దానికి ఏడుపని పేరు పెట్టడం చిన్నప్పుడే నేర్పుతారు. ఈసారి ఆ పేరు అతకలేదు.

కెమెరా మీద ఎర్రదీపం వెలిగింది. కొవ్వొత్తులు, పొగ, గ్రామఫోను రికార్డులోంచి గాలివాన చప్పుడు. ఈ కోట దాటి ఎక్కడికీ పోలేవని దొర బెదిరించాలి. ఆమె కేక వెయ్యాలి.

"ఈ కోటలో..." అన్నాడు డెస్మండ్. అక్కడే ఆగిపోయాడు. మాటలు రాసిన బోర్డు కోసం అతని కళ్లు వెతికాయి. దానికి రెండో కెమెరా అడ్డం వచ్చింది. అలవాటు ప్రకారం, ఆమె వచ్చి వాలడానికి చేతులు చాచాడు.

ఆమె వాలలేదు. ఆ మాట నాలుక మీదే ఉంది. పళ్లు బిగించి అక్కడే ఉంచుకుంది. రికార్డు అయిపోయి గాలివాన ఆగిపోయింది. చాచిన చేతులు దించాలో వద్దో తెలియక, రెండు శతాబ్దాల దొర ఎండలో బట్టలారేసిన కొయ్యలా నిలబడ్డాడు. ముఖానికి పూసిన తెల్లరంగు మీద చెమట చారలు కట్టింది.

"ఏంటది? చెప్పు తల్లీ," అన్నాడు పళ్లమధ్యనుంచి. మైకు ఆ ముక్కనూ పట్టేసింది. అద్దాల కంట్రోలు గదిలో టెష్ లేచి చేతులు ఊపుతున్నాడు.

ఇన్నాళ్ల కథలో ఆ కోట ఇల్లాలు దొర ముందు ఒక్కసారీ కూర్చోలేదు. వెర్నా మూలనున్న ఎత్తు వీపు కుర్చీని బరబర ఈడ్చుకొచ్చి, కెమెరాకు ఎదురుగా వేసుకుని, కాళ్లు బారచాపి కూర్చుంది.

"మీ మాట మీరే చెప్పండి దొరగారూ," అంది, దేశమంతా వినపడేలా. "నాకేం తొందర లేదు."